గాజు మీద తేదీ

జూన్ 9

మా ఆవిడ వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది. నాలుగు రోజులుండి వస్తుంది. పెద్ద పెట్టె తీసుకెళ్ళింది. చిన్న పెట్టె జిప్పు పాడైందని అయ్యుంటుంది.

జూన్ 10

చిన్న పెట్టె జిప్పు బాగానే ఉంది. అందులోనే నా బట్టలు సర్దుకుని బయల్దేరాను.

పాత కట్టడాలు నిలబడతాయో పడతాయో చెప్పడం నా ఉద్యోగం. ఈసారి ఒక చిన్న ఊళ్ళో చర్చి. ఫాదర్ గారి ఇంటి వెనక గది ఇచ్చారు. మంచం, బల్ల, గోడకి శిలువ, ఒక కిటికీ. కిటికీలోంచి గంట గోపురం కనిపిస్తుంది. గోపురమంటూ పడితే సరిగ్గా ఈ గది మీదే పడుతుంది. ఆ మాట ఫాదర్‌తో అంటే, "అందుకే ఖాళీగా ఉందండీ" అన్నారు.

కట్టినవాడెవడోగాని చేతిలో పని ఉన్నవాడు. ఇటుక, సున్నం తప్ప ఇంకేమీ వాడలేదు. ఎత్తయిన ముందు గోడ, మధ్యలో రంగుటద్దాల గుండ్రటి కిటికీ, ఎడమ పక్క గోపురం. లోపల రెండు వరసల స్తంభాలు, వాటి మీద కమానులు. గుమ్మంలో నిలబడితే కమానులన్నీ ఒకదాని వెనక ఒకటి చేతులు పట్టుకుని పీఠం దాకా నడుస్తున్నట్టు ఉంటాయి. తర్వాత బాగుచేసినవాళ్ళు సున్నం గోడకి సిమెంటు పూసి, దాని మీద ఆయిల్ పెయింటు కొట్టారు. సున్నం గోడ ఊపిరి పీల్చాలి. పాపం ఇది ఎన్నేళ్ళుగానో ముక్కు మూసుకుని కూర్చుంది.

గుండ్రటి కిటికీ నెత్తిన మొదలైన పగులు, రెండుగా చీలి, అటూ ఇటూ స్తంభాల మొదళ్ళ దాకా దిగింది. మా వృత్తిలో పగుళ్ళు రెండు రకాలు. చచ్చినవీ, బతికున్నవీ. చచ్చిన పగులు ఎప్పుడో కదిలి ఆగిపోయింది, సున్నం నింపితే చాలు. బతికున్నది ఇంకా కదులుతోంది, అప్పుడు గోడ దించాల్సిందే. ఇది ఏ రకమో నేను చెప్పాలి. బతికుందంటే గోపురం, ముందు గోడ నేలమట్టం. ఆ స్థలంలో కొత్త చర్చి కట్టడానికి ఒక బిల్డరు అప్పుడే బొమ్మతో సహా వచ్చి కూర్చున్నాడు. బొమ్మలో చర్చి కన్నా పార్కింగు బాగుంది.

"గంట రికార్డు చేసి మైకులో వేస్తాం సార్. తాడు లాగే బాధ లేదు" అన్నాడు.

తాడు లాగే మనిషి పక్కనే చీపురు పట్టుకుని నిలబడి వింటోంది. గంట పెద్దమ్మ అంటారట. మొగుడు గంట కొట్టేవాడు, ఆయన పోయాక ఈవిడ కొడుతోంది. చర్చి ఊడ్చి, కడిగి, తుడిచే ఆడవాళ్ళందరికీ పెద్ద. బిల్డరు కాళ్ళ దగ్గర మాత్రం కొంచెం గట్టిగా ఊడ్చింది.

"మీ ఉద్దేశం ఏమిటి ఫాదర్?" అని అడిగాను.

"నాకీ గుడంటే ప్రాణం. కాని జనం నెత్తిన పడితే? నేను పోయినా ఫరవాలేదు. పూజ మధ్యలో పోతే బాగోదు."

జూన్ 11

పగుళ్ళ మీద గాజులు అతికించాను. పద్ధతి పాతదే. సన్నటి గాజుముక్కని పగులుకి అడ్డంగా పెట్టి, రెండు చివర్లా ప్లాస్టర్‌తో అతికించాలి. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కుమంటుంది. కదలకపోతే అలాగే ఉంటుంది. పక్కనున్న సిస్టర్ల స్కూల్లో సైన్సు గదిలోంచి గాజు స్లైడులు ఇచ్చారు. వాటిలో ఒకటి మిగతావాటికన్నా పెద్దది, దాన్ని గుమ్మం పక్కన పెట్టాను. ఒక్కోదాని మీదా అతికించిన తేదీ నల్ల ఇంకుతో రాశాను. తేదీ ఒక్కటే రాస్తాం, ఏడాది కూడా ఉండదు. మిగతాదంతా నా ప్లానులో ఉంటుంది.

అన్నిటికన్నా పైది గుండ్రటి కిటికీ నెత్తిన, పాటలు పాడేవాళ్ళ మేడ మీంచి నిచ్చెనేసుకుని పెట్టాను. పగులు అక్కడే వెడల్పు. అక్కడికి ఎక్కేటప్పటికి ఈ వయసులో ఈ ఉద్యోగం అవసరమా అనిపించింది. ఒక స్లైడు చేతిలోనే విరిగింది. సగమే మిగిలితే దాన్నే ఒక స్తంభం దగ్గర అతికించాను. మిగతా సగం ఎక్కడ పడిందో దొరకలేదు. చెప్పుల్లేకుండా నడిచే చోటు, జాగ్రత్త అని ఫాదర్‌కి చెప్పాను.

గోడల నిండా చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా చిన్న చిన్న రాతి పలకలున్నాయి. ఏళ్ళ తరబడి వెల్లవేసి వేసి పేర్లు పూడుకుపోయాయి. అంకెలు లోతుగా చెక్కారు కాబట్టి తేదీలు మిగిలాయి. ఎవరో తెలియకపోయినా ఆ తేదీల కింద కొవ్వొత్తులు పెడుతుంటారట.

మా ఆవిడ ఫోన్ చేయలేదు. అక్కాచెల్లెళ్ళు కబుర్లలో పడితే అంతే.

జూన్ 14

నాలుగు రోజులు అయ్యాయి.

జూన్ 16

గాజులన్నీ చూశాను. ఒక్కటీ పగల్లేదు. ఫాదర్ మొహం వెలిగిపోయింది. "అయితే చచ్చిన పగులేనా?" అన్నారు. "చూద్దామండీ" అన్నాను. తొందరపడి మాటివ్వడం నా పద్ధతి కాదు.

మా ఆవిడ వెళ్ళేముందు అన్నది ఈ మాట గురించే. మా వంటింటికి కిటికీ లేదు. తూర్పు గోడకి ఒక కిటికీ పెట్టించమని పెళ్ళయిన కొత్తలో అడిగింది. బరువు మోసే గోడ, చూద్దాం అన్నాను. తర్వాత కూడా అడిగింది. చూద్దాం అన్నాను. మొన్న పొగకి దగ్గుతూ బయటికొచ్చి, "పాతికేళ్ళుగా చూద్దాం, చూద్దాం. ఊళ్ళో గోడలన్నీ చూశారు. నా మొహం ఎప్పుడైనా చూశారా?" అంది. చూశాను అనే అన్నాను. పాత గొడవే కదా, కొత్తగా పెరిగేదేముంది అనుకున్నాను. పెట్టె సర్దింది.

జూన్ 17

ఈ ఊరివాళ్ళకి మా పని మీద ఇంత ఆసక్తి ఉంటుందనుకోలేదు. పొద్దున నేను కొలతలు తీస్తుంటే గంట పెద్దమ్మ వచ్చి ఒక స్లైడు ముందు చాలాసేపు నిలబడింది.

"ఈ తేదీలు పెట్టింది మీరేనా బాబూ?"

"నేనేనండీ."

"అంటే... అందరూ మీవాళ్ళే?"

అన్నీ మీవేనా అని అడిగిందనుకున్నాను. చెవులు కూడా తగ్గుతున్నాయి. "అన్నీ మావేనండీ, స్కూలువాళ్ళవి కావు" అన్నాను.

"అన్నిటికీ ఒకటే తేదీ ఉంది బాబూ."

"ఒక్కరోజే కదండీ. పొద్దున మొదలైంది. సాయంత్రానికి అంతా అయిపోయింది."

పెద్దమ్మ స్తంభం పట్టుకుంది. వయసు పైబడింది, మోకాళ్ళ నొప్పులుంటాయి. "మరి ఆ చిన్నది?" అంది, సగం ముక్క వైపు చూపించి.

"అదా. నా చేతిలోనే పోయింది. సగమే మిగిలింది. మిగతాది ఎంత వెతికినా దొరకలేదు."

ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది. నేను పని చూసుకుంటున్నాను. కాసేపాగి, "మరి ఇంటావిడ?" అని మెల్లిగా అడిగింది.

వాళ్ళక్క ఇంట్లో ఉంది అనబోయాను. "వెళ్ళిపోయిందండీ" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. సున్నం దుమ్ము పడ్డట్టుంది. "వీటి సంగతి మేం చూసుకుంటాం బాబూ. మీరు గుండె చిక్కబట్టుకోండి" అంది.

"మీరేం చేయక్కర్లేదు. ముట్టుకోకండి, అంతే."

"అయ్యో, ఎంత మాట. ముట్టుకుంటామా?"

జూన్ 20

ఈ ఊళ్ళో ఇంజనీర్లంటే గౌరవం. టీకొట్టతను డబ్బులు తీసుకోడు. దర్జీ నన్ను ఆపి మరీ ఊడిపోయిన చొక్కా బొత్తాం కుట్టిచ్చాడు. రోజుకొక ఇంటి నుంచి భోజనం క్యారియర్ వస్తోంది. తెచ్చినవాళ్ళు నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, "తినండి, శరీరం నిలబడాలిగా" అంటున్నారు. ఒకాయన నన్ను కౌగిలించుకున్నాడు. ఏం పనండీ మీది అని అడిగితే మళ్ళీ కౌగిలించుకున్నాడు.

పెద్ద ఊళ్ళలో మనల్ని ఎవడూ పట్టించుకోడు.

జూన్ 23

ఒక గాజు పగిలింది. సగం ముక్క పక్కదే. నిలువునా, శుభ్రంగా. వానలు మొదలయ్యాయి. గోపురం గొట్టం విరిగి నీళ్ళన్నీ పునాదిలోకి పోతున్నాయి. పునాది కుంగుతోందన్నమాట.

కొత్తది అతికించాను. పూజ వేళల్లో నేను లోపలికి వెళ్ళను. అది వాళ్ళ సమయం. ఫాదర్‌కి చెబితే తెల్లబోయారు.

జూన్ 27

ఇంకో మూడు పగిలాయి. కొత్తది కూడా పోయింది.

పైనున్నది మాత్రం పగల్లేదు. కిటికీ నెత్తినది. పగులు అక్కడే వెడల్పు కాబట్టి ముందు అదే పోవాలి. అతికించేటప్పుడు ప్లాస్టర్ సరిగ్గా పట్టి ఉండదు. మళ్ళీ నిచ్చెన ఎక్కి చూసేంత ఓపిక లేదు. లెక్కలోంచి తీసేశాను.

స్తంభాల మొదళ్ళలో, గాజుల కింద గట్ల మీద మైనం బొట్లున్నాయి. చర్చిలో మైనం ఉండక ఏముంటుంది.

జూన్ 29

సాయంత్రం వరండాలో ఫాదర్ నా భుజం మీద చెయ్యి వేశారు. చాలాసేపు తీయలేదు.

"మీరెప్పుడు చెప్పాలనుకుంటే అప్పుడే చెప్పండి. తొందరేం లేదు" అన్నారు.

"ఇంకో రెండు మూడు రోజుల్లో చెప్పేస్తానండీ. రాతపూర్వకంగా ఇస్తాను."

"రాస్తే కొంచెం తేలికవుతుంది లెండి" అన్నారు.

ఫాదర్ మంచివాడు. రిపోర్టు రాయడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు.

జూన్ 30

ఆవిడ లేకపోతే నాకు బాగాలేదు. గదిలో ఎవరి దగ్గూ వినపడదు. ఎవరూ గిన్నెలు చప్పుడు చేయరు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, ఏం మాట్లాడాలో తోచక పెట్టేశాను. రాశాను. ఇక పని.

జూలై 2

రిపోర్టు పంపాను. "పగులు సజీవం. గోపురం, ముందు గోడ వెంటనే దించాలి. అంతవరకు లోపలికి ఎవరినీ అనుమతించరాదు."

చూద్దాం అని రాయలేదు. ఒక పగులుని పాతదే అనుకుని ఊరుకున్నందుకు ఇల్లు ఖాళీ అయింది. ఈసారి ఎవరూ నన్ను ఆ మాట అనలేరు.

జూలై 4

చర్చి మూసేశారు. తలుపులకి అడ్డంగా తాళ్ళు కట్టారు. పూజ స్కూలు హాల్లో. పొద్దున గంట మోగలేదు. మెలకువ వచ్చి, ఏదో మరిచిపోయినట్టు చాలాసేపు కూర్చున్నాను.

పెద్దమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "మీకే అంత కష్టం వచ్చిపడితే, మా గోడదేముంది బాబూ" అంది. అర్థం కాలేదు. క్యారియర్ ఇచ్చి వెళ్ళింది.

జూలై 9

కొత్తగా అతికించిన గాజులు ఒక్కటీ పగల్లేదు. వాన మాత్రం కుండపోత. గోడ అలిసిపోయి ఉంటుంది.

గోడలు అలిసిపోవు. ఎందుకు రాశానో.

జూలై 11

ముందు గోడకి కర్రలు కట్టేశారు. రేపు గంట దించుతారట. బిషప్ గారి ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చి సంతకాలు పెడతాడు. బిల్డరు కొత్త చర్చి బొమ్మతో కాగితాలు అచ్చు వేయించి పంచుతున్నాడు. పెద్దమ్మ కూడా ఒకటి తీసుకుంది. గోపురం మెట్ల మీద కూర్చుని దాన్ని మడతలు పెట్టి పెట్టి, ఇక మడత పడనంత చిన్నది చేసింది.

"కొత్త దాంట్లో గంట ఉండదా బాబూ?"

"మైకు ఉంటుందండీ."

"మా ఆయన పోయాక నాకు మాట్లాడ్డానికి ఇదొక్కటే ఉంది" అంది.

వానలో తడిసి జ్వరం తెచ్చుకోకండి అన్నాను.

జూలై 12

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు కాబట్టి బస్సు దగ్గర మొదలుపెడతాను.

మధ్యాహ్నం బస్సులో మా ఆవిడ దిగింది. పెద్ద పెట్టె లేదు, చేతిసంచీ ఉంది. తిన్నగా చర్చి ఆవరణలోకి వచ్చింది. గంట దించడానికి ముందు ఆడవాళ్ళంతా చేరి జపమాల చెబుతున్నారు. ఫాదర్ ఉన్నారు, బిల్డరు ఉన్నాడు, బిషప్ గారి ఆఫీసు పెద్దాయన కుర్చీలో ఉన్నాడు. నేను కర్రల కింద నిలబడి ఉన్నాను.

"మీరెవరమ్మా?" అన్నారు ఫాదర్.

"వారి భార్యనండీ" అంది నా వైపు చూపించి.

జపమాల ఆగిపోయింది. ఫాదర్ నన్నూ ఆవిడనీ మార్చి మార్చి చూశారు. గంట పెద్దమ్మ లేచింది. ఇన్నాళ్ళూ నన్ను కన్నకొడుకులా చూసుకున్న మనిషి, నడుం మీద చెయ్యి వేసుకుని, "గోడ మీద తేదీల ఇంకు ఆరకుండానే రెండో పెళ్ళా? సిగ్గులేదూ?" అంది.

"మొదటి పెళ్ళేనండీ. పాతికేళ్ళయింది" అంది మా ఆవిడ. "నేను పోయానని ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తే వచ్చాను."

ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. విడదీసి రాస్తే తేలింది ఇది. నా గాజుముక్కలు చూసి వీళ్ళు జ్ఞాపకపు పలకలనుకున్నారు. ఈ గుడిలో గోడ మీద తేదీ ఉండి పేరు లేదంటే, ఎవరో పోయారనే అర్థం. ఏడాది రాయలేదు కాబట్టి, ఎప్పుడో ఆ రోజునే పోయారనుకున్నారు. అడిగితే నేను అందరూ మావాళ్ళే అన్నాను, ఒక్కరోజే అయిపోయింది అన్నాను. చిన్నది నా చేతిలో పోయింది అన్నాను. ఒకే ప్రమాదంలో ఇల్లంతా పోయి, దుఃఖం దిగమింగి పని చేసుకుంటున్న మహానుభావుణ్ణి నేను. ఫాదర్ ఉండబట్టలేక మా ఆఫీసుకి ఫోన్ చేసి, ఇంత జరిగిన మనిషి చేత పని చేయించడం న్యాయమా అని అడిగారట. ఆఫీసువాళ్ళు మా ఆవిడకి ఫోన్ చేసి, "మేడమ్, మీరు ఉన్నారా?" అన్నారట.

"ఉన్నానో లేదో వారినే అడుగుదామని వచ్చాను" అంది మా ఆవిడ.

ఎవరో నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. దగ్గరికొచ్చి మా ఆవిడ చెంపలు రెండు చేతులతో పట్టుకుని చూసింది. "రోజూ సాయంత్రం నీకోసం పెట్టాం తల్లీ. గుమ్మం పక్కనున్న పెద్ద గాజు నీదనుకున్నాం. నీ కింద రెండు పెట్టేవాళ్ళం" అంది.

"ఏం పెట్టేవారండీ?" అని అడిగాను.

"కొవ్వొత్తులు బాబూ. ఇంకేం పెడతాం?"

"ఎక్కడ?"

"గాజుల కింద. మీరు ముట్టుకోవద్దన్నారుగా, ముట్టుకోలేదు. మసి పడితే తడిగుడ్డతో అద్దేవాళ్ళం, అంతే."

ఫాదర్ అన్నారు, "నేనూ చూశానండీ. అవి పగుళ్ళ కోసమని తెలుసు. కాని మీరే పెట్టమన్నారేమో అనుకున్నాను. బాధలో ఉన్న మనిషిని అడుగుతామా?"

నేను గదిలోకి పరుగెత్తాను. ఈ మధ్య పరుగెత్తలేదు. మిగిలిన స్లైడు ఒకటి, ఇటుక ఒకటి, కొంచెం ప్లాస్టర్ తెచ్చి వరండాలో అతికించాను. అది ఆరేదాకా ఎవరూ కదల్లేదు, బిల్డరు తప్ప. పెద్దమ్మని కొవ్వొత్తి వెలిగించి ఎప్పుడూ పెట్టినట్టే పెట్టమన్నాను. పెట్టింది. గాజు మీద మసి పాకింది. వేడెక్కిన గాజుని తడిగుడ్డతో అద్దమన్నాను. అద్దింది.

టిక్.

నిలువునా, శుభ్రంగా.

పెద్దమ్మకి అందరికన్నా ముందు అర్థమైంది. మెట్ల మీద కూలబడి, "నా గంటని నా చేత్తోనే దింపుకున్నానా" అంది.

"మీరు కాదండీ, నేను" అన్నాను. "గాజు ఎందుకో మీకు చెప్పలేదు. మీరేం అడుగుతున్నారో వినలేదు. మైనం కనిపించినా చూడలేదు."

"వారికి చెప్పడం అలవాటు లేదండీ" అంది మా ఆవిడ, పెద్దమ్మ పక్కన మెట్టు మీద కూర్చుంటూ. "మీ తప్పేం లేదు."

కర్రల మీదున్న మేస్త్రీ, "గంట దించమంటారా వద్దా?" అని అరిచాడు.

బిషప్ గారి ఆఫీసు పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రిపోర్టు మీదే కదా?"

"నాదే."

"పగులు సజీవం అని రాశారు."

"తప్పు రాశాను."

"కారణం?"

"కొవ్వొత్తులు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. "అయితే ఇప్పుడు పడదంటారా?"

చూద్దాం అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మెట్టు మీంచి మా ఆవిడ చూస్తోంది. నేను తాళ్ళు దాటి లోపలికెళ్ళి, మేడెక్కి, నిచ్చెనెక్కి, కిటికీ నెత్తిన గాజుని వేలితో తట్టాను. ప్లాస్టర్ రాయిలా పట్టి ఉంది. పగులు అన్నిటికన్నా వెడల్పున్న చోట, కొవ్వొత్తి అందని చోట, మొదటి రోజు పెట్టిన గాజు చెక్కుచెదరకుండా ఉంది. లెక్కలోంచి నేనే తీసేసిన సాక్షి. చర్చి మూశాక కింద పెట్టినవి కూడా ఇన్ని వానల్లో అలాగే ఉన్నాయి.

కిందికి దిగి, "పడదు" అన్నాను. "చచ్చిన పగులు. సిమెంటు చెక్కేసి డంగుసున్నం పెట్టాలి. నీళ్ళ గొట్టం బాగుచేయాలి. గోపురం ముట్టుకోవద్దు. కాగితం మీద రాసి సంతకం చేసిస్తాను."

"బొమ్మలు అచ్చయిపోయాయండీ" అన్నాడు బిల్డరు.

"వెనక తెల్లగా ఉంది కదా, లెక్కలు వేసుకోడానికి పనికొస్తాయి" అంది గంట పెద్దమ్మ. లేచి, చెంగు బిగించి, గోపురం మెట్లెక్కింది. ప్రార్థన వేళ కాదు, ఏమీ కాదు. ఎవరూ ఆపలేదు. గంట మోగుతున్నంతసేపూ నేను పైకి చూస్తూ నిలబడ్డాను. ఇంకులో రాసిన తేదీ అంతదూరం నుంచి కనబడదు. అయినా చూశాను.

జూలై 13

మా ఆవిడ రాత్రి సిస్టర్ల దగ్గర పడుకుంది. పొద్దున లోపలికి తీసుకెళ్ళి చర్చి చూపించాను. కమానుల గురించి చెప్పాను. వింది. గుమ్మం పక్కనున్న పెద్ద గాజు దగ్గర ఆగింది.

"ఇదేనా నేను?"

"అది పగుళ్ళ కోసం..."

"తెలుసు. నేను పోయినా మీకు తెలిసేది కాదు. వీళ్ళకి తెలిసింది, నేను పోకుండానే." గట్టు మీద మిగిలిన మైనాన్ని గోటితో గీకింది. "ముక్కూ మొహం తెలియనివాళ్ళు. రోజుకి రెండేసి పెట్టారు." కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ మొహం చూశాను. ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది. అది ఎప్పటిదో అడిగాను. ఆవిడ నావైపు కాసేపు చూసి, "కిటికీ లేని వంటింట్లో పోపు చిట్లితే ఎటు తప్పుకుంటాం?" అంది.

బస్సు దగ్గరికి వెళ్ళి సంచీ అందించాను. వాళ్ళక్క ఇంటికే టికెట్ తీసుకుంది.

"ఇంటికెప్పుడొస్తావు?"

"చూద్దాం" అంది.

జూలై 15

చూద్దాం. అంతే అంది.

జూలై 22

కొత్త రిపోర్టుకి ఒప్పుకున్నారు. సున్నం మేస్త్రీలు దిగారు. సిమెంటు పెచ్చులు ఊడుతుంటే గోడ లోపలి ఇటుక ఎర్రగా బయటపడుతోంది. ఒక పలక మీద వెల్ల రాలి పేరు కూడా కనబడింది. ఆడవాళ్ళు గుంపుగా వచ్చి చదివి, ఇన్నాళ్ళూ ఆయన్ని ఆడమనిషనుకుని ప్రార్థించామని బాధపడ్డారు.

గాజుల పక్కన బోర్డు పెట్టాను. "ఇవి గోడ కోసం. ఎవరూ పోలేదు." పెద్దమ్మ చదివి, ఇంత మాట మొదటిరోజే చెబితే పోయేది కదా బాబూ అంది. ప్రయాణానికి క్యారియర్ కట్టిచ్చింది. నేను ఎవరూ పోనివాణ్ణని తెలిశాక కూడా. టీకొట్టతను మాత్రం డబ్బులు తీసుకున్నాడు.

జూలై 24

ఇల్లు. సింకులో, వెళ్ళేముందు నేను వదిలేసిన గ్లాసు. వంటింట్లోకి వెళ్ళి తూర్పు గోడని సుత్తితో తట్టి చూశాను. పైనా, కిందా, పక్కనా. మళ్ళీ తట్టాను.

బరువు మోసే గోడ కాదు.

జూలై 25

మేస్త్రీ దొరకలేదు. ఎల్లుండి వస్తానన్నాడు. ఎల్లుండి అనే మాట నచ్చలేదు. సుద్దముక్కతో గీత గీసి, పైన ఇటుకలు కొట్టి అడ్డ దూలంగా లింటెల్ దూర్చి, కింద ఆధారం పెట్టి, మిగతాది నేనే మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. గీత లోపల మొదటి ఇటుక అవతలికి పడగానే వెలుగు వచ్చి పొయ్యి మీద పడింది. పొయ్యి మీద ఎంత జిడ్డుందో అప్పుడు కనబడింది.

ఫోన్ చేశాను. ఈసారి పెట్టేయలేదు.

"ఏమిటా చప్పుడు?" అంది.

"గోడ పగలగొడుతున్నాను."

అవతల వాళ్ళక్క ఎవరే అని అడగడం వినిపించింది.

"ఏ గోడ?"

"తూర్పు గోడ."

"లింటెల్ వేశారా?"

"వేశాను."

"పడదు కదా?"

"పడదు."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత మామూలు గొంతుతో, "పొద్దున బస్సుకి వస్తాను. గిన్నెల మీద గుడ్డ కప్పారా? దుమ్మంతా వాటి మీదే పడుతుంది."

వెనక్కి తిరిగి చూశాను. గిన్నెలన్నీ ఎర్రగా ఉన్నాయి.

"కప్పాను" అన్నాను. ఫోన్ పెట్టేసి వెళ్ళి, ఒక్కొక్కటే కడిగి, తుడిచి, కప్పాను.